చీనీ అనే మాట వెంట తొండూరు దాకా

మనం బత్తాయి అనే కాయను కడప జిల్లాలో చీనీకాయ అంటారు. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి రేపల్లె నుంచి అంత దూరం పోనక్కర్లేదు. నేను పోయాను. తిరిగొచ్చి నెలన్నర దాటింది. ఇన్నాళ్లూ అక్కడి నుంచి ఫోను వస్తే, ఎత్తే ముందు కుర్చీ చూసుకుని కూర్చునేవాణ్ని. ఎందుకో వరసగా చెబుతాను.

ఒక చిన్న మాసపత్రికలో మాటల పుట్టుక గురించి నెలకో పేజీ రాస్తుంటాను. చదివేవాళ్లు ఎక్కువమంది ఉండరు కాబట్టి కాస్త ధైర్యంగానే రాస్తుంటాను. ఆ మధ్య చీనీ గురించి రాశాను. చీనా దేశం నుంచి వచ్చిన కాయ కాబట్టి చీనీ, ఇక ఇందులో తవ్వడానికేమీ లేదు, అన్న ధోరణిలో. పది రోజులకు ఒక కార్డు వచ్చింది. "చీనీ మీద మీరు రాసింది చదివితిని. చెట్టు కింద ఒక్క పూటైనా కూర్చోకుండా రాసినట్టున్నారు. ఒకసారి వచ్చి చూసి పోండి. యేసురత్నం, రిటైర్డు తెలుగు పండిట్, తొండూరు, పులివెందుల దగ్గర."

మా ఆవిడ ఆ కార్డు రెండుసార్లు చదివింది. "పులివెందుల దగ్గరా?" అంది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. ఎల్‌ఐసీ కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో మాత్రం అడిగింది.

మా వైపు వాళ్లకు ఆ జిల్లా గురించి తెలిసిందంతా సినిమాహాల్లో చీకట్లో తెలిసిందే. భయపడ్డవాడు పోకుండా ఉండొచ్చు. కానీ పోకపోతే భయపడ్డానని అందరికీ తెలుస్తుంది. డిసెంబరు రెండో వారంలో బయలుదేరాను.

ప్రొద్దుటూరు

దిగగానే ఉగ్గాని తిన్నాను. బొరుగులు, అంటే మన మరమరాలు, తడిపి, ఉల్లిపాయా పచ్చిమిరపా వేసి తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. రెండూ కలిపి ముప్పై రూపాయలు. మా వైపు బజ్జీలో మిరపకాయను చీల్చి, వాము పెట్టి బుజ్జగిస్తారు. ఇక్కడ అలాంటి మర్యాదలేమీ లేవు. నేను కళ్లు తుడుచుకుంటుంటే హోటలాయన వెనక నుంచి గట్టిగా, "యాడి నుంచి వచ్చినావప్పా?" అన్నాడు. ఆ గొంతుకు నా చేతిలో గ్లాసు సగం ఒలికింది. ఆయనకు కోపం రాలేదనీ, అది మామూలు గొంతేననీ, కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడతాడనీ పక్క బల్ల మనిషి ధైర్యం చెప్పాడు. ఆ చివరి ముక్క చెప్పకపోయినా బాగుండేది.

మా ఊళ్లో కొత్త మనిషిని చూస్తే ఓరగా చూసి, వాడు వెళ్లాక ఎవరో కనుక్కుంటాం. ఇక్కడ ఎదురుగానే అడిగేస్తారు. యాడికి పోతాండావు, ఎవరింటికి, ఎన్ని దినాలుంటావు. మధ్యాహ్నానికి నలుగురికి చెప్పాను, నలుగురూ తల ఊపి గుర్తుపెట్టుకున్నారు. ఇన్ని వివరాలు ఒకచోట చేరడం నాకు నచ్చలేదు.

బంగారు అంగళ్ల బజారు చివర ఒక మిఠాయి దుకాణం ఉంది. యజమాని తాతలు రాజస్థాన్ నుంచి వచ్చారట. ఆయన తెలుగు మాత్రం నిఖార్సయిన ప్రొద్దుటూరు తెలుగు. వాళ్లింట్లో చీనీ అంటే చక్కెర. తెల్లగా, సన్నగా చక్కెర తీసే పద్ధతి చీనా వాళ్ల నుంచి వచ్చిందని ఆ పేరట. పటికబెల్లాన్ని మిశ్రీ అంటారు, అది మిస్ర్ దేశం, అంటే ఈజిప్టు పేరు. "మా అంగడిలో రెండు దేశాలు కలిపితేగానీ లడ్డు కాదు సార్" అన్నాడు. నేను పుస్తకంలో రాసుకున్నాను. పొట్లం కడుతూ, తొండూరు పోతున్నానని విని, దారం పట్టుకున్న చేయి ఆపి, "ఒక్కరే పోతాండారా?" అన్నాడు. ఎందుకని అడిగే లోపల ఇంకో బేరం వచ్చింది. ఆయన ఎందుకలా అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. లాడ్జికి వెళ్లి తలుపుకు గడియలు ఎన్నున్నాయో చూశాను. ఒకటుంది.

జమ్మలమడుగు

జమ్మలమడుగు బస్టాండు దగ్గర పింగాణీ సామాన్ల అంగడి పెట్టుకున్న మస్తాన్ అనే పెద్దాయన దగ్గర ఆ మాటకు మూడో అర్థం దొరికింది. వాళ్లింట్లో మాట్లాడే ఉర్దూలో చీనీ అంటే పింగాణీ. పారసీ వాళ్లు ఆ దేశపు సరుకుకు పెట్టిన పేరు అది. ఇంగ్లీషువాళ్లు ఆ కష్టం కూడా పడకుండా పింగాణీని ఏకంగా చైనా అనేస్తారు. నేను ఇదంతా ఆయనకే వివరించబోయాను. ఆయన ఓపిగ్గా విని, లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టిన ఒక పళ్లెం తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. లేత నీలం పూలు, అంచున సన్నటి పగులు. వాళ్ల దాదీ పళ్లెం, అంటే నాయనమ్మది. రంజాన్ నెలలో ఖర్జూరాలు పెట్టడానికి తప్ప బయటికి తీయరట. అలా నా చేతుల్లో పెట్టి, టీ గ్లాసులు కొనడానికి వచ్చిన వాళ్లతో మాటల్లో పడ్డాడు.

నేను కదల్లేదు. బల్ల మీద పెడదామంటే బల్ల నిండా గ్లాసులు. తుమ్ము వచ్చింది, ఆపుకున్నాను. ఇంతవరకు చూసిన దేనికీ అంత భయపడలేదు. పావుగంట తర్వాత వచ్చి పళ్లెం తీసుకుని, నా మొహం చూసి నవ్వాడు.

"చక్కెర వాళ్లది, పళ్లెం మాది, కాయ తొండూరోళ్లది. ఇంగ ఆ దేశపోళ్లకు ఏం మిగిలిచ్చినారప్పా?"

ఇంత దూరం వచ్చి గండికోట చూడకపోతే బాగుండదని ఆటోలో వెళ్లొచ్చాను. పెన్న రెండు కొండల మధ్య కోసుకుపోయిన లోయను అంచుకు ఇరవై అడుగులు వెనక నిలబడి చూశాను. అక్కడి నుంచి లోయ కనిపించదు. చాలా బాగుందని మా ఆవిడకు ఫోను చేశాను.

ముద్దనూరు దాటాక

బస్సులో పక్కనున్నాయన బెంగళూరులో సెంట్రింగు పని చేసి వచ్చినవాడు. అక్కడి వాళ్లు చీనికాయి అని గుమ్మడికాయను అంటారని చెప్పాడు. అది కూడా రాసుకున్నాను. అప్పటికి నాలుగు అర్థాలయ్యాయి. మాటలు పోగుచేసేవాడికి ఇది పండగ. ఆ సంతోషంలో ఉండగా కిటికీలోంచి తోటలు కనిపించాయి.

ముద్దనూరు కరెంటు కేంద్రం పొగగొట్టాలు వెనకబడ్డాక రోడ్డుకు రెండు వైపులా చీనీ తోటలు మొదలవుతాయి. నేను ఊహించుకున్నది ముదురాకుపచ్చ చెట్లు, మధ్యలో పసుపు కాయలు. కనిపించినవి వేరు. ఆకులన్నీ దోసె చుట్టినట్టు చుట్టుకుపోయి ఉన్నాయి. కింద నేల పగిలి ఉంది. కొన్ని చెట్ల కింద రాలిన ఆకులు. ఒక తోట కాదు, రెండు తోటలు కాదు. మైళ్ల పొడుగునా అదే. బస్సులో ఎవరూ వాటిని పట్టించుకోలేదు. ఒకామె వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది, డ్రైవరు అల్లుడి గురించి ఎవరితోనో చెబుతున్నాడు. కళ్లెదుట ఇంత చావు జరుగుతుంటే వీళ్లు ఇంత మామూలుగా ఉన్నారంటే అలవాటైపోయి ఉండాలి అనుకున్నాను. మా ఊళ్లో నీళ్లు కాలవలో వస్తాయి. కొన్ని నెలలు వద్దన్నా వస్తాయి. ఎండిన చెట్టును చూసి నోరు మూసుకుని కూర్చోవడం మాకు చేతకాదు. పక్కాయన్ని అడగొచ్చు. అడగలేదు. కరువు గురించి అడిగితే నొచ్చుకుంటాడేమోనని మర్యాదకు పోయాను.

తొండూరు దగ్గర తోట

యేసురత్నం గారు కార్డులో కనిపించినంత పెద్ద మనిషి కాదు. సన్నగా, పొట్టిగా, తెల్ల చొక్కాకు మెడ దాకా గుండీలు పెట్టుకుని రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. మిషను బడిలో చదివి, అదే బడిలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పిన మనిషి. నన్ను చూడగానే నా సంచి లాక్కున్నారు. నేను ఒక క్షణం వదల్లేదు. తర్వాత అది మర్యాద అని అర్థమై వదిలాను.

ఇల్లు తోటలోనే. నూటపది చెట్లు. వాటి ఆకులు కూడా చుట్టుకుపోయే ఉన్నాయి. వాళ్లావిడ సువార్తమ్మ గారు సంగటి, శనక్కాయల పచ్చడి (ఊరిబిండి అంటారు), వంకాయ కూర పెట్టారు. మేమిద్దరం కూర్చున్న చోటనే మూడు గంటలు మాట్లాడుకున్నాం. ఆయన దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంది, అందులో ఈ ఒక్క మాటకే పదకొండు పేజీలు. డచ్చివాళ్లు ఈ జాతి కాయను సీనాసాపెల్ అంటారు, చీనా ఆపిల్ అని. జర్మన్లు అదే మాటను తిరగేసి ఆప్ఫెల్‌జీనె అన్నారు. అరబ్బులు నారింజను బుర్తుఖాల్ అంటారు, అది పోర్చుగల్ పేరు. మా బత్తాయి జావా దీవిలో డచ్చివాళ్లు కట్టిన బటావియా పట్నం పేరంటారు. బెంగాలీలో చీనాబాదాం అంటే వేరుశనగ. సంస్కృతం వాళ్లు పట్టుబట్టను చీనాంశుకం అన్నారు, మనం చీనిచీనాంబరాలు అన్నాం. ఒక్కొక్కటి చెప్పినప్పుడల్లా ఇద్దరం చిన్నపిల్లల్లా తొడలు చరుచుకున్నాం. చివరికి ఆయన నోటుబుక్కు మూసి, అప్పుడు అసలు సంగతి చెబుతున్నట్టు అన్నారు.

"మాట చీనా నుంచి వచ్చిండొచ్చు సార్. కాయ మాత్రం బోరు నుంచి వచ్చింది. మీరు అది రాయలేదు."

సువార్తమ్మ గారు మజ్జిగ పోస్తూ మెల్లగా చెప్పిన సంగతి ఇంకొకటుంది. వరసగా రెండేళ్లు తోట కాపు తప్పింది. రెండేళ్లూ అదనులో పడకూడని వాన పడి పూత రాలేదు. మూడో ఏడూ తప్పితే చెట్లు పీకే మిషను పిలిపించాలని నిర్ణయించుకున్నారు. ఆ మిషనాయన ఒకసారి వచ్చి చెట్లు చూసుకుని కూడా వెళ్లాడు. "ఈ ఏడు కాయకుంటే తీసేస్తామన్నా. నీళ్లు తాపి తాపి మాకు శక్తి లేదు" అన్నారామె. యేసురత్నం గారు విస్తరి మడిచారు. పద్నాలుగేళ్ల చెట్లు. మొక్కలప్పుడు ఆయన బడి నుంచి వచ్చి బిందెలతో పోశారట.

మధ్యాహ్నం రెండు దాటాక తొండూరులో ఒక సమాధి కార్యక్రమానికి ఇద్దరూ వెళ్లవలసి వచ్చింది. నన్ను వేపచెట్టు కింద మంచం మీద పడుకోమన్నారు. ముఖం కడుక్కోవాలంటే మోటారు వేసుకుని, తొట్టి దగ్గర కడుక్కుని, ఆపేయమన్నారు. పచ్చ మీట వేసేది, ఎర్ర మీట ఆపేది. "చెట్ల సంగతి సాయంత్రం వచ్చి నిమ్మళంగా చెబుతా" అని యేసురత్నం గారు వెళ్లిపోయారు.

పచ్చ మీట నొక్కాను. తొట్టిలో నీళ్లు పడ్డాయి. ముఖం కడుక్కున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఎదురుగా చుట్టుకుపోయిన ఆకులతో చెట్లు. తొట్టికి పోయే గొట్టం పక్కనే ఇంకో గొట్టం తోటలోకి పోతోంది, దానికి ఒక చక్రం. ముసలివాళ్లిద్దరికీ నీళ్లు పెట్టే ఓపిక లేదని ఆమె ఇప్పుడే గదా అన్నారు. పెట్టిన తిండికి ఈ మాత్రం చేయకపోతే ఎలా. చక్రం తిప్పాను. కాలవలోకి నీళ్లు ఉరికాయి. మొదటి పాది నిండింది, రెండోది నిండింది. నా జీవితంలో ఇంత మంచి పని చేసి చాలా కాలమైంది. ఆ తృప్తితో మంచం మీద వాలి, ఐదు నిమిషాలకే నిద్రపోయాను.

ఒక గొంతు విని లేచాను. ఎంతసేపైందో తెలియదు, ఎండ వాలింది. గట్టు మీద నుంచి ఒక మనిషి నా వైపు పరిగెత్తుకొస్తున్నాడు. ఆరడుగుల మనిషి, పెద్ద మీసాలు, పంచె పైకి ఎగ్గట్టి, చేతిలో పార. సినిమాహాల్లో నేర్చుకున్నదంతా ఒక్కసారి గుర్తొచ్చింది.  ఎల్‌ఐసీ కాగితాలు ఎక్కడున్నాయో చెప్పి రావడం మంచిదైంది అనుకున్నాను. ఆయన నా పక్క నుంచి దూసుకుపోయి ఎర్ర మీట కొట్టాడు.

"ఎవరప్పా నువ్వు?"

రేపల్లె అన్నాను. పేరు గుర్తు రాలేదు.

ఆయన పక్క తోట గంగిరెడ్డి. ఇక్కడ ఎవరి మోటారు చప్పుడు వాళ్లకే కాదు, చుట్టుపక్కల అందరికీ తెలుసు. అయ్యవారి, అంటే యేసురత్నం గారి, మోటారు తొట్టి నిండే దాకా పది నిమిషాలు ఆడాలి. రోడ్డు మీద పోతూ అది ఆగకుండా ఆడుతుండటం విని బండి పడేసి వచ్చాడు. కాలవ వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ కాలవ వైపు చూశాడు. కోపం వస్తే మెల్లగా మాట్లాడతారని విన్నాను కదా. ఆయన చాలా మెల్లగా మాట్లాడాడు.

"బెట్టకు ఇడ్సిన తోటప్పా ఇది. ముప్పై దినాల నుంచి నీళ్లు చూపీకుండా ఎండబెట్టినాం. ఇంగ ఇరవై దినాలు ఎండితే నీళ్లు, ఆ పైన పూత. నువ్వు ఏం చేసినావో తెలుసునా?"

అప్పుడు తెలిసింది. చీనీ చెట్టుకు నీళ్లు మామూలుగా పెడుతుంటే ఆకు వేసుకుంటూ సుఖంగా ఉంటుంది, పూత పెట్టదు. అందుకని ఏటా ఒక అదనులో నీళ్లు ఆపేస్తారు, అదే బెట్ట. చెట్టు చస్తానేమో అని భయపడే దాకా ఎండబెట్టి, సరిగ్గా ఆ దినాన నీళ్లు ఇస్తారు. ఆ భయానికి అది కొమ్మ కొమ్మకూ పూస్తుంది. ఒక వారం ఎక్కువైతే చెట్టు పోతుంది, ఒక వారం ముందు తడిస్తే ఆకులు వేసుకుని ఊరుకుంటుంది. దారి పొడుగునా నేను చూసింది చావు కాదు. మైళ్ల పొడుగునా ఊపిరి బిగబట్టి రోజులు లెక్కపెట్టుకుంటున్న మనుషుల తోటలు అవి.

నీళ్లు నలభైమూడు చెట్లకు చేరాయి.

గంగిరెడ్డి పార ఎత్తాడు. పాదుల గట్లు తెంచి నీళ్లు దిగువకు మళ్లించాడు. ఫోను చేస్తే ఇంకో ఇద్దరు పారలు తీసుకుని వచ్చారు. ఇంకా లోతుకు ఇంకని బురదను తోడి గంపలతో బయట పోశాం. నాకూ ఒక గంప ఇచ్చారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. చేతులు బొబ్బలెక్కాయి. బొబ్బల గురించి చెప్పడానికి అది సమయం కాదని తెలిసే పాటి తెలివి అప్పటికి వచ్చింది.

సువార్తమ్మ గారూ యేసురత్నం గారూ సమాధి నుంచి తిరిగి వచ్చారు. ఆమె గేటు దగ్గరే బురద గంపలు చూశారు. చెట్ల దగ్గరికి వచ్చి, వంగి ఒక పాదిలో చేయి పెట్టి చూసి, గట్టు మీద కూర్చున్నారు.  నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆమె నన్ను తిట్టలేదు. భర్త వైపు తిరిగారు.

"మూడు గంటలు మాట్లాడితివి. డచ్చోళ్లు, అరబ్బులు అంతా అయిపోయిరి. నీళ్లు పెట్టొద్దని ఆయప్పకు ఒక్క మాట చెప్పలేకపోతివా?"

యేసురత్నం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సాయంత్రం చెబుదామనుకుంటి" అన్నారు. ఇద్దరు పండితులం పక్కపక్కన నిలబడ్డాం. మా దగ్గర ఆ మాటకు పదకొండు పేజీలు ఉన్నాయి.

పులివెందుల

మర్నాడు పొద్దున్నే యేసురత్నం గారితో కలిసి పులివెందుల వెళ్లాను. అక్కడ చీనీ అంటుమొక్కలు కట్టే ఖాసీం సాబు అనే ముసలాయన ఉన్నాడు. చుట్టుపక్కల తోటల్లో సగం ఆయన చేతి అంట్లేనట. కవరులో చుట్టి తెచ్చిన కొమ్మలు ఆయన ముందు పెట్టాం. ఆయన వాటిని వంచి చూశాడు, గోటితో బెరడు గీకి చూశాడు, ఒక ఆకు నమిలాడు. డాక్టరు ఎక్సరే చూస్తున్నప్పుడు పక్కన నిలబడే బంధువులా నిలబడ్డాను.

ఆయన తీర్పు ఇది. వెంటనే బురద తోడేసిన చెట్లు నీళ్లు సరిగా తాగలేదు, వాటిని మళ్లీ ఎండనివ్వండి. మోటారు దగ్గరున్న చెట్లు కడుపు నిండా తాగేశాయి. వాటికి మళ్లీ బెట్ట పెడితే చస్తాయి, వాటికి నీళ్లు కొనసాగించండి. "ముప్పై దినాల ఎండ కొన్నిటికి సాలింటాది, కొన్నిటికి సాలదు. అది చెట్టు చెట్టుకూ ఒక తీరు" అన్నాడు. ఎప్పుడు తెలుస్తుందని అడిగాను.

"పదైదు దినాలకు కొమ్మ కొసలు చూడండి. మొన తేలితే ఆకు. గుండుగా తేలితే మొగ్గ. అంతవరకు గమ్మునుండాల."

బయటికి వచ్చాక యేసురత్నం గారు ఒక బండి దగ్గర ఆగి నాకు చీనీరసం ఇప్పించారు. మా వైపు బత్తాయి రసంలో ఐసూ పంచదారా వేసి కాయను మరిపిస్తారు. ఇక్కడ కాయ తప్ప ఏమీ వేయలేదు. ఇంత తియ్యటి రసం తాగడం నాకు ఎప్పుడూ అంత కష్టం కాలేదు. ఎవరి తోటలోనో ఎవరో యాభై రోజులు భయపడితే వచ్చిన గ్లాసు అది. ఆయన నాకు డబ్బులు ఇవ్వనివ్వలేదు. బస్సు దాకా వచ్చి సంచి పైన పెట్టారు. కిటికీ దగ్గర నిలబడి, "చెట్టు కింద కూర్చోమని రాస్తి గదా సార్. నిద్రపోతారనుకోలేదు" అన్నారు. నవ్వారు కూడా. నాకు నవ్వు రాలేదు. బస్సు కదిలాక నవ్వాను, అది కూడా పక్కవాళ్లు చూస్తున్నారని.

రేపల్లె

ఇంటికి వచ్చాక చీనీ మీద కొత్త పేజీ రాయడానికి కూర్చున్నాను. చక్కెర, పింగాణీ, గుమ్మడికాయ, పట్టుబట్ట, వేరుశనగ అన్నీ బల్ల మీద ఉన్నాయి. ఒక్క వాక్యం రాయలేకపోయాను. మా ఇంటి ముందు కాలవలో నీళ్లు పోతుంటే కిటికీ మూసేసేవాణ్ని. ఫోనులో రేపల్లె వాతావరణం తీసేసి పులివెందుల వాతావరణం పెట్టుకున్నాను. ఒకరోజు అక్కడ మబ్బు బొమ్మ కనిపించింది. ఆ పూట అన్నం తినలేదు. మా ఆవిడ అక్కడ ఏం జరిగిందని అడిగింది. గండికోట చాలా లోతుగా ఉందన్నాను.

పదహారో రోజున సువార్తమ్మ గారే ఫోను చేశారు. కడుపు నిండా తాగిన చెట్లు ఇరవైమూడు. అందులో తొమ్మిది మొన తేలాయి, అంటే ఆకు. ఈ ఏడు వాటికి కాయ లేదు. పద్నాలుగు మొగ్గ పట్టాయి. మిగతా తోటకు ఇంకా నీళ్లే పెట్టలేదు. నేను క్షమించమన్నాను. "క్షమించేది దేవుడు చూసుకుంటాడన్నా. నువ్వు వాన రాకుండా ప్రార్థన చెయ్" అన్నారు. నేను ప్రార్థన చేసే మనిషిని కాను. చేశాను.

పోయిన ఆదివారం మళ్లీ ఫోను మోగింది. ఈసారి యేసురత్నం గారు. కూర్చుని ఎత్తాను. మిగతా తోటంతా పూసిందట. వాసనకు రోడ్డు మీద పోయేవాళ్లు బండ్లు ఆపి చూస్తున్నారట. పిందె నిలబడేదాకా నమ్మకం లేదు, గాలి రావచ్చు, ఎండ ముదరవచ్చు, అంటూనే చెప్పారు. చెట్లు పీకే మిషనాయన ఫోను చేస్తే సువార్తమ్మ గారే మాట్లాడి, ఈ ఏటికి రావద్దన్నారట.  ఆ తొమ్మిది చెట్లు ఎలా ఉన్నాయని అడిగాను.

"బలే ఉండాయి సార్. తోటలో అంత పచ్చగా ఉండేవి అవే. పువ్వు ఒక్కటి లేదు. కూలోళ్లు వాటికి పేరు పెట్టినారు, రేపల్లె చెట్లు అని."

 ఆయన గొంతులో పదకొండు పేజీల ఉత్సాహం తిరిగొచ్చింది.

"ఈ నెలలోనే మాట పెరిగింది సార్. ఇప్పుడు ఏ తోటలోనైనా పచ్చగా ఉండి కాయనిదాన్ని రేపల్లె అంటాండారు. నిన్న గంగిరెడ్డి వాళ్ల బామ్మర్దిని కూడా అన్న్యాడు, పని చేయకుండా పంచ తెల్లగా కట్టుకుని తిరుగుతాంటే. నోటుబుక్కులో రాసుకున్నా."

రాసుకోవద్దని బతిమాలాను. పండితుడు, వినలేదు. ఆ మాట ప్రస్తుతానికి తొండూరు చుట్టుపక్కలే ఉంది. ముద్దనూరు దాకా వచ్చిందంటే అక్కడ రైలు ఉంది. మా ఊళ్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు.